ఆక్టల్‌లో 1729: ఒక ప్రాజెక్టు డైరీ

శనివారం సాయంత్రం

ఈ ప్రాజెక్టులో ఒక పూర్ణ సంఖ్యను తీసుకుని ఆక్టల్‌లో, అంటే 8 ఆధారంగా, 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలతోనే రాయాలి. అలా రాసినందువల్ల ఆ సంఖ్య గురించి కొత్తగా ఏం కనబడుతుందో చేత్తో లెక్కవేసి తేల్చాలి. తర్వాత అదే లెక్కను ఎల్ఈడీల బోర్డు మీద నడిపించి చూడాలి.

ఆక్టల్ అనగానే చాలామందికి బీటెక్ మొదటి సంవత్సరంలో పరీక్ష కోసం చేసిన మార్పిడి లెక్కలు గుర్తొస్తాయి. లేదంటే లినక్స్‌లో ఫైలు పర్మిషన్లకు కొట్టే 755 గుర్తొస్తుంది. సంఖ్యను ఒక ఆధారం నుంచి ఇంకో ఆధారానికి మార్చడం నేర్పిస్తారు, మార్చాక వచ్చిన అంకెల్ని చదవడం మాత్రం నేర్పరు. నాకు కావాల్సింది ఆ చదవడం.

సంఖ్యగా 1729ని ఎంచుకున్నాను. లెక్కలంటే ఇష్టమున్న ఎవరికైనా ఇది పరిచయమైన సంఖ్యే. లండన్‌లోని పట్నీలో నర్సింగ్ హోమ్‌లో ఉన్న రామానుజన్‌ని చూడటానికి గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబరు. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగలిగే అతి చిన్న సంఖ్య ఇదేనని రామానుజన్ అక్కడికక్కడే చెప్పారు: 12³ + 1³, 10³ + 9³. ఫ్రాన్సులో ఫ్రెనికిల్ ద బెస్సీ 1657లోనే ఈ విషయం గమనించాడు. అయినా ఈ సంఖ్య రామానుజన్ పేరుతోనే నిలిచిపోయింది, అది నాకు సంతోషమే. ఇంతమంది ఇన్ని రకాలుగా చూసిన సంఖ్యను డెసిమల్ పక్కన పెట్టి చూస్తే ఏమొస్తుందన్నది నా ప్రశ్న.

ముందు మార్పిడి. 1729ని 8తో భాగిస్తే భాగఫలం 216, శేషం 1. 216ని భాగిస్తే 27, శేషం 0. 27ని భాగిస్తే 3, శేషం 3. మిగిలిన 3ని భాగిస్తే 0, శేషం 3. శేషాలను కింది నుంచి పైకి చదివితే 3301. ఇకపై ఆక్టల్‌లో రాసిన సంఖ్యకు కింద చిన్న 8 పెడతాను: 1729 = 3301₈.

ఇంత చిన్న భాగహారంలోనే ఒక అందం ఉంది. వచ్చిన భాగఫలాలు 216, 27. మొదటిది 6³, రెండోది 3³. 1729లోంచి 1 తీసేస్తే 12³. 8 అంటే 2³ కాబట్టి ఒక్కో భాగహారంలో ఘనం లోపలి సంఖ్య సగానికి తగ్గుతూ వచ్చింది: 12, 6, 3. మిగిలిన ఆ 1 చివరి అంకెగా కూర్చుంది. 3300₈ అంటే 12³. దాని చివరి రెండు సున్నాలూ 12లో ఉన్న రెండు 2ల వల్ల వచ్చినవే.

ఆదివారం ఉదయం

ఘనాల సంగతి పూర్తి చేశాను. ఆక్టల్‌లో 9 అంటే 11₈, 10 అంటే 12₈, 12 అంటే 14₈.

11₈ ఘనం చేస్తే 1331₈ వచ్చింది. డెసిమల్‌లో కూడా 11³ = 1331 అని మనందరికీ తెలుసు. ఇది కాకతాళీయం కాదు. ఆధారాన్ని క అనుకుంటే 11 అంటే క+1. (క+1)³ = క³ + 3క² + 3క + 1. ఆధారం 3 కంటే పెద్దదైతే చాలు, 1, 3, 3, 1 అలాగే అంకెలుగా దిగుతాయి. అంటే ఈ 1331 ఏ ఒక్క సంఖ్యకూ చెందదు, విస్తరణ సూత్రానికి చెందుతుంది.

10³ అంటే 1000, ఆక్టల్‌లో 1750₈. ఇప్పుడు కూడిక: 1331₈ + 1750₈. ఒకట్ల స్థానంలో 1, 0 కలిపితే 1. తర్వాత 3, 5 కలిపితే 8, అంటే 0 వేసి చేతికి 1. తర్వాత 3, 7, చేతిలో 1 కలిపితే 11, అందులో 8 పోతే 3, చేతికి 1. చివరగా 1, 1, 1 కలిపి 3. మొత్తం 3301₈. రామానుజన్ చెప్పిన రెండో జత ఆక్టల్‌లో ఇలా కలిసింది. మొదటి జత అయితే చూడగానే తెలిసిపోతుంది: 3300₈ + 1.

డెసిమల్‌లో 1729ని ఎంతసేపు చూసినా "ఒక ఘనం కంటే ఒకటి ఎక్కువ" అని అంకెలు చెప్పవు. 1728 అంటే 12³ అని మనకు ముందే తెలిసి ఉండాలి. ఆక్టల్‌లో 33 తర్వాత రెండు సున్నాలు కనబడతాయి. 33₈ అంటే 27, వెనక 100₈ అంటే 64. మూడు ఘనం, నాలుగు ఘనం పక్కపక్కనే కూర్చున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం

ఈ పూట భాజనీయతా సూత్రాలు పట్టుకున్నాను. ఈ డైరీలో నాకు బాగా నచ్చిన భాగాల్లో ఇదొకటి, అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాను.

డెసిమల్‌లో 9కి అంకెలు కూడతాం, 11కి ఒకటి విడిచి ఒకటి కూడి తేడా చూస్తాం. 10 అంటే 9 కంటే ఒకటి ఎక్కువ, 11 కంటే ఒకటి తక్కువ కావడమే వీటి వెనక ఉన్న కారణం. ఆక్టల్‌లో 8 అంటే 7 కంటే ఒకటి ఎక్కువ, 9 కంటే ఒకటి తక్కువ. కాబట్టి అంకెలు కూడే సూత్రం 7కి వస్తుంది, మార్చి మార్చి తీసివేసే సూత్రం 9కి వస్తుంది. ఈ ఒక్క మార్పే 7తో మన పాత తంటా తీర్చేస్తుంది. బడిలో 7కి ఒక్క చూపులో తేలే సూత్రం లేక ఎంతమంది ఇబ్బంది పడ్డారో.

3 + 3 + 0 + 1 = 7. కాబట్టి 1729ని 7 భాగిస్తుంది. భాగఫలం 247, ఆక్టల్‌లో 367₈.

9కి: కుడి నుంచి 1 − 0 + 3 − 3 = 1. శేషం 1. 3 కూడా భాగించదు.

ఇప్పుడు అంకెల్ని రెండేసి చొప్పున జతలు కట్టాను. రెండు ఆక్టల్ అంకెలంటే 64 ఆధారం అన్నమాట. 64 అనేది 65 కంటే ఒకటి తక్కువ, 65 = 5 × 13. కాబట్టి జతల మధ్య తేడా తీస్తే 5కీ 13కీ పరీక్ష అవుతుంది. జతలు 33₈, 01₈. విలువలు 27, 1. తేడా 26, అంటే రెండు పదమూళ్లు. 1729ని 13 భాగిస్తుంది. 26ని 5 భాగించదు కాబట్టి 1729నీ భాగించదు.

తర్వాత మూడేసి అంకెలు. 8³ = 512. అది 513 కంటే ఒకటి తక్కువ, 513 = 27 × 19. ముక్కలు 3, 301₈. 301₈ అంటే 193. తేడా 190. అంటే పది పంతొమ్మిదులు. 19 కూడా భాగిస్తుంది.

ఇక్కడ కలం పక్కన పెట్టి కాసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయాను. 1729 = 7 × 13 × 19. మూడు ప్రధాన కారణాంకాలు. ఒక్కొక్క అంకె తీసుకుంటే 7 దొరికింది, జతలు కడితే 13 దొరికింది, మూడేసి కట్టగడితే 19 దొరికింది. నాలుగే నాలుగు అంకెల సంఖ్యలో మూడు కారణాంకాలూ ఒక్కో మెట్టు దగ్గర ఒకటి చొప్పున దొరికాయి.

డెసిమల్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి అది కూడా రాస్తున్నాను. 1001 = 7 × 11 × 13 అని తెలిసినవాళ్లు డెసిమల్‌లో మూడేసి అంకెలు విడదీసి 729 − 1 = 728 తెచ్చుకుంటారు. 728ని 7, 13 రెండూ భాగిస్తాయి. అంటే ఆ రెండూ డెసిమల్‌లోనూ సులువే. చిక్కంతా 19తోనే. 10 ఘాతాల్లో 19 గుణిజానికి ఒకటి తక్కువగా వచ్చే మొదటిది 10⁹. అంటే తొమ్మిదేసి అంకెలు కట్టాలి. మన సంఖ్యకు ఉన్నవే నాలుగు. ఆక్టల్‌లో ఆ పని మూడో ఘాతంలోనే అయిపోయింది.

వారం మధ్యలో

బోర్డు పని మొదలైంది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి సామాను తెచ్చుకున్నాను: ఆర్డుయినో నానో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) ఒకటి, ఎర్ర ఎల్ఈడీలు పన్నెండు, ఆకుపచ్చవి మూడు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లు, ఒక పుష్ బటన్, జనరల్ పర్పస్ పీసీబీ.

పన్నెండు ఎందుకంటే, 1729 బైనరీలో 011 011 000 001. ఒక ఆక్టల్ అంకె అంటే సరిగ్గా మూడు బిట్లు. 1965లో వచ్చిన పీడీపీ-8 కంప్యూటర్ పదం (అది ఒకేసారి పట్టుకునే బిట్ల గుంపు) కూడా పన్నెండు బిట్లదే, దాని ముందు ప్యానెల్ మీద దీపాలు మూడేసి గుంపులుగా ఉండేవి. దాన్ని వాడినవాళ్లు దీపాల్ని చూసి నేరుగా ఆక్టల్‌లో చదివేవాళ్లు. నా బోర్డు మీద కూడా మూడేసి ఎల్ఈడీల తర్వాత ఒక ఖాళీ వరస వదిలాను. ఈ చిన్న ఖాళీ వల్ల చదవడం ఎంత సులువైందో, సోల్డర్ చేసి వెలిగించాక తెలిసింది.

డి2 నుంచి డి13 వరకు పన్నెండు పిన్నులు ఎర్ర దీపాలకు. ఏ1, ఏ2, ఏ3 ఆకుపచ్చ దీపాలకు. బటన్ ఏ0కి, లోపలి పుల్అప్‌తో. రెసిస్టర్లు 330 ఓమ్‌వి వేస్తే ఒక్కో దీపానికి దాదాపు 9 మిల్లీఆంపియర్లు పోతాయి, పదిహేనూ వెలిగితే 135 దాకా వెళుతుంది. చిప్‌కి మొత్తం మీద గరిష్ఠ హద్దు 200. హద్దు లోపలే ఉన్నా అంత దగ్గరికి వెళ్లాల్సిన పని లేదు. 1 కిలో ఓమ్‌తో ఒక్కోదానికి 3 మిల్లీఆంపియర్లే, ఇంట్లో చూడటానికి ఆ వెలుగు చాలు.

ఈ బోర్డు చేసే పని 1ని 1729తో ఆక్టల్‌లో భాగించడం. బడిలో చేసే నిలువు భాగహారమే. శేషం పక్కన సున్నా చేర్చడం, ఎన్నిసార్లు పోతుందో చూడటం, మిగిలింది కొత్త శేషం. ఆక్టల్‌లో సున్నా చేర్చడమంటే 8తో గుణించడం, అంటే దీపాల వరస మూడు గడులు ఎడమకు జరగడం. శేషం ఎర్ర దీపాల మీద, భాగఫలంలో కొత్తగా వచ్చిన అంకె ఆకుపచ్చ దీపాల మీద. బటన్ ఒకసారి నొక్కితే ఒక అంకె. శేషం ఎప్పుడూ 1728 దాటదు, 8 రెట్లు చేసినా 13824. నానోలో మామూలు పూర్ణాంక వేరియబుల్ 32767 వరకు పట్టగలదు కాబట్టి పెద్ద వేరియబుల్ అక్కర్లేదు.

గురువారం రాత్రి

బోర్డు నడిచింది.

మొదట కుడి చివర ఒక్క ఎర్ర దీపం: శేషం 1. నొక్కితే అది ఒక గుంపు ఎడమకు గెంతింది: 8. మళ్లీ నొక్కితే 64, మళ్లీ నొక్కితే 512. ఇంతవరకు ఆకుపచ్చ దీపాలు వెలగలేదు, భాగఫలంలో మూడు సున్నాలు. నాలుగోసారి 4096 అవుతుంది, అందులో 1729 రెండుసార్లు పోతుంది. ఆకుపచ్చలో 2 వెలిగింది, ఎర్రలో శేషం 638. అక్కడి నుంచి దీపాల అమరిక ప్రతి నొక్కుకీ మారుతూ పోయింది.

శేషాల వరస నోటుబుక్‌లో ఇలా ఉంది: 1, 8, 64, 512, 638, 1646, 1065, 1604, 729, 645, 1702, 1513, తర్వాత మళ్లీ 1. భాగఫలం అంకెలు 000227473277. ఇదే గుంపు మళ్లీ మళ్లీ వస్తుంది. అంటే ఆక్టల్‌లో 1/1729 ఆవర్తన భిన్నం, దాని అవధి 12. ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో కూడా సరిచూశాను: 8¹² − 1 = 68719476735. దాన్ని 1729తో భాగిస్తే నిశ్శేషంగా 39745215. ఆక్టల్‌లో 227473277₈. ముందు మూడు సున్నాలు చేరిస్తే బోర్డు చెప్పిన పన్నెండు అంకెలే.

వరసలో 729 దగ్గర ఆగి చూశాను. అది 9³, ఆక్టల్‌లో 1331₈. ఆదివారం ఘనాల లెక్కలో కలిసిన సంఖ్య ఇప్పుడు భాగహారం మధ్యలో శేషంగా ఎదురైంది.

అవధి 12 ఎందుకు? సమాధానం ఆదివారం మధ్యాహ్నం కాగితంలోనే ఉంది. 7తో భాగించినప్పుడు 8 శేషం 1, కాబట్టి అక్కడ అవధి 1. 13తో భాగించినప్పుడు 8² శేషం −1 (64 అంటే 65 − 1), కాబట్టి తిరిగి 1 రావడానికి నాలుగు అడుగులు. 19తో అయితే 8³ శేషం −1, కాబట్టి ఆరు అడుగులు. 1, 4, 6ల క.సా.గు. 12. డెసిమల్‌లో ఇవే మూడు ప్రధాన సంఖ్యలకు అవధులు 6, 6, 18, వాటి క.సా.గు. 18. అందుకే డెసిమల్‌లో 1/1729 తిరగబడటానికి పద్దెనిమిది అంకెలు పడుతుంది.

శనివారం

మా మేనల్లుడు వచ్చాడు. ఇంటర్ చదువుతున్నాడు. బటన్ వాడి చేతికిచ్చాను, నోటుబుక్ ముందు పెట్టుకుని నొక్కుతూ శేషాలు సరిచూశాడు. రెండో చుట్టులో అడిగాడు:

"మామయ్యా, పన్నెండుకి తిరిగి 1 వస్తోంది కదా, మరి సగం దారిలో, ఆరో దగ్గర ఏముంది?"

ఆరో దగ్గర 1065 ఉంది. మంచి ప్రశ్న. సగం దారికి 1065 వచ్చిందంటే, ఇంకో సగం దారి అంటే దాన్ని దానితోనే గుణించడం. అంటే 1065² ని 1729తో భాగిస్తే శేషం 1 రావాలి. లెక్కవేశాం: 1065² = 1134225 = 656 × 1729 + 1. వచ్చింది.

ఇప్పుడు వాడితో కలిసి తర్వాతి మెట్టు. 1065² − 1 అంటే 1064 × 1066. ఈ లబ్ధాన్ని 1729 భాగిస్తుంది. కానీ విడివిడిగా 1064నీ భాగించదు, 1066నీ భాగించదు, రెండూ దానికంటే చిన్నవి. 1729 ప్రధాన సంఖ్య అయి ఉంటే ఇది జరగదు. ప్రధాన సంఖ్య ఒక లబ్ధాన్ని భాగిస్తే అందులో ఏదో ఒకదాన్ని తప్పకుండా భాగించాలి. కాబట్టి 1729 కారణాంకాలు ఈ రెండింటి మధ్య పంచుకుని ఉన్నాయి. వాటిని బయటికి తీయడానికి గ.సా.భా. చాలు.

1729, 1064: తేడా 665. 1064, 665: తేడా 399. తర్వాత 266, తర్వాత 133. 266ని 133 నిశ్శేషంగా భాగిస్తుంది. గ.సా.భా. 133 = 7 × 19.

1729, 1066: ఇలాగే దిగుతూ పోతే 13.

భాగహారం చేస్తూ సగంలో ఆగితే కారణాంకాలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఎందుకు ఇలా విడిపోయాయో కూడా చెప్పొచ్చు. 8⁶ని 7తో భాగిస్తే శేషం 1. 19తో అయితే 8³ శేషం −1, దాని వర్గం 1. కానీ 13తో 8² శేషం −1, దాని ఘనం −1. మూడింటిలో 13 ఒక్కటే −1 వైపు నిలబడింది, కాబట్టి అది 1066లోకి వెళ్లింది, మిగతా రెండూ 1064లోకి వెళ్లాయి.

మేనల్లుడికి ఈ సందర్భంలోనే ఫెర్మా పరీక్ష చెప్పాను. ప్రధాన సంఖ్య ప అయితే, ప భాగించని ఏ సంఖ్యనైనా ప−1 ఘాతానికి పెంచి ప తో భాగిస్తే శేషం 1. దీన్ని తిప్పి వాడి ప్రధాన సంఖ్యలను పట్టుకుందామంటే 1729 అడ్డుపడుతుంది. దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యతో పరీక్షించినా పాసవుతుంది. ఇలాంటి వాటిని కార్మైకేల్ సంఖ్యలంటారు: 561, 1105, తర్వాత 1729. వాటికి ఉండాల్సిన లక్షణాన్ని 1899లో కోర్సెల్ట్ చెప్పాడు, 1910లో కార్మైకేల్ 561ని ఉదాహరణగా ఇచ్చాడు. అంతకు ముందే, 1885లో షిమెర్కా అనే చెక్ గణితవేత్త మొదటి ఏడింటినీ కనిపెట్టి ఉన్నాడు. లక్షణం చిన్నదే: కారణాంకాలన్నీ వేర్వేరు ప్రధాన సంఖ్యలు కావాలి, ఒక్కోదాంట్లోంచి 1 తీసేస్తే వచ్చేది మొత్తం సంఖ్యలోంచి 1 తీసేసినదాన్ని భాగించాలి. మనకు 6, 12, 18. మూడూ 1728ని భాగిస్తాయి.

ఇలా మోసపోకుండా ఉండటానికే ఇప్పుడు మిల్లర్–రాబిన్ పరీక్ష వాడతారు, 1976లో మిల్లర్, 1980లో రాబిన్ చేసిన పని అది. దాన్ని 2తో 1729 మీద నడిపితే ఏమవుతుందో రాసి చూశాం. 1728 = 64 × 27 కాబట్టి 2²⁷తో మొదలుపెట్టాలి. 2²⁷ అంటే 8⁹. అంటే మా భాగహారంలో తొమ్మిదో శేషం, 645! దాని వర్గం 8¹⁸, అవధి 12 కాబట్టి ఆరో శేషంతో సమానం, 1065. దాని వర్గం 1. 1 కాని, −1 కాని 1065 వర్గం 1 అయిందంటే ప్రధాన సంఖ్య కాదని తీర్పు. క్రిప్టోగ్రఫీ సాఫ్ట్‌వేర్ రోజూ చేసే పరీక్ష, మా బోర్డు మీద మూడు చోట్ల ఆగి చూస్తే కనిపించింది. మేనల్లుడు ఆ మూడు శేషాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు.

ఆదివారం

ఏది సంఖ్యది, ఏది రాతది అని ఒక పట్టిక వేద్దామనుకున్నాను. సగం వరకే వేశాను, ఎందుకంటే మధ్యలో మూడో రకం ఒకటి తగిలింది.

డెసిమల్‌లో 1729 అంకెల మొత్తం 19. దాన్ని తిరగేస్తే 91. 19 × 91 = 1729. చాలా చక్కటి గుణం, కానీ పూర్తిగా రాతది. ఆక్టల్‌లో మొత్తం 7, తిరగేసినా 7, లబ్ధం 49, అంతే. అంకెల మొత్తంతో భాగింపబడటం మాత్రం రెండు రాతల్లోనూ ఉంది, 19తో అక్కడ, 7తో ఇక్కడ. కారణాంకాలు, రెండు ఘనాల జతలు, కార్మైకేల్ లక్షణం సంఖ్యవే, రోమన్ అంకెల్లో రాసినా పోవు.

అవధి మాత్రం ఈ రెండింటిలోనూ ఇమడలేదు. అది 1729దీ కాదు, 8దీ కాదు, రెండింటికీ మధ్య ఉన్న సంబంధానిది. అసలు నాకు ఇన్ని ఫలితాలు దొరకడానికి కారణం ఆ సంబంధమే. 8 చిన్న ఘాతాల్లోనే 7కీ, 13కీ, 19కీ ఒకటి అటో ఇటో పక్కన వస్తుంది. ఆధారం ఎంచుకోవడమంటే ఏ సంఖ్యలకు పక్కన నిలబడాలో ఎంచుకోవడం అని నాకు ఇప్పుడు అర్థమైంది. పట్టిక అక్కడ ఆపేశాను.

ఆ తర్వాతి వారం

ఈ ప్రాజెక్టు ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ 7, 13, 19 అనే వరస వదల్లేదు. అవి 6+1, 12+1, 18+1. 1939లో చెర్నిక్ చూపించింది ఇదే: (6క+1), (12క+1), (18క+1) మూడూ ప్రధాన సంఖ్యలైతే వాటి లబ్ధం కార్మైకేల్ సంఖ్య. క = 1 అయితే 1729. క = 2 నుంచి 5 వరకు ఎక్కడో ఒక చోట 25, 55, 91 లాంటివి తగిలి చెడిపోతుంది. క = 6 దగ్గర 37 × 73 × 109 = 294409.

దీన్నీ ఆక్టల్‌లో రాశాను: 1077011₈. తర్వాత ఒక్కో కారణాంకానికీ 8 అవధి ఎంతో లెక్కకట్టాను. 73కి సులువు, 8³ − 1 = 511 = 7 × 73. కాబట్టి అవధి 3. 37కి: 8² = 64, శేషం −10. 8³ శేషం −80, అంటే −6. 8⁶ శేషం 36, అంటే −1. అవధి 12. 109కి: 8³ = 512, శేషం −33. 8⁶ శేషం 1089, అది 1090 కంటే ఒకటి తక్కువ, 1090 = 109 × 10. మళ్లీ −1. అవధి 12.

క.సా.గు. 12. 1729కి వచ్చిన అవధే 294409కీ వచ్చింది.

అంటే రెండూ 8¹² − 1ని భాగిస్తాయి. రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు, కాబట్టి వాటి లబ్ధం కూడా భాగించాలి. 8¹² − 1 అంటే ఆక్టల్‌లో వరుసగా పన్నెండు 7లు, 777777777777₈. దాన్ని పూర్తిగా విడగొట్టాను. 8⁶ − 1 = 511 × 513 = 7 × 73 × 27 × 19. 8⁶ + 1 = 262145 = 5 × 13 × 37 × 109. అన్నీ కలిపితే మిగిలేది 27, 5 మాత్రమే, అవి కలిస్తే 135. కాబట్టి:

777777777777₈ = 135 × 1729 × 294409.

పైథాన్‌లో గుణించి చూశాను. 68719476735. సరిగ్గా వచ్చింది.

పన్నెండు ఆక్టల్ అంకెలంటే 36 బిట్లు. పీడీపీ-10 కంప్యూటర్ పదం నిడివి 36 బిట్లే, ఆ పదంలో అన్ని బిట్లూ 1 అయితే అది వాళ్లకు −1. ఆ నిండు పదాన్ని ధనసంఖ్యగా చదివితే అందులో చెర్నిక్ మొదటి రెండు సంఖ్యలూ, ఇంకో 135 ఉన్నాయి. చెర్నిక్ వరసలో తర్వాతది క = 35 దగ్గర, 211 × 421 × 631. దానికి అవధి 12 రాదు, ఎందుకంటే పన్నెండు 7లలో ఉన్న ప్రధాన సంఖ్యలన్నీ పైన రాసేశాను, 211 వాటిలో లేదు.

ఇక 1/294409 ఆక్టల్‌లో ఎలా ఉంటుందో వెంటనే తెలిసిపోతుంది. అవధిలోని గుంపు 135 × 1729 = 233415. ఆక్టల్‌లోకి మార్చాను: 707707₈. ముందు ఆరు సున్నాలు. 000000707707, మళ్లీ 000000707707. చేత్తో నిలువు భాగహారం చేసి కూడా చూశాను, అవే అంకెలు. 233415 = 455 × 513 అని విడదీస్తే కారణం కనబడుతుంది: 455 అంటే 707₈, 513 అంటే 1001₈. 19 కోసం వాడిన ఆ 513 ఇక్కడ 707ని రెండుసార్లు పక్కపక్కన రాసింది.

రెండు సంఖ్యల లబ్ధం 509033161. ఇది కూడా కార్మైకేల్ సంఖ్యే: 1729, 294409 రెండూ 216తో భాగిస్తే శేషం 1 ఇస్తాయి, కాబట్టి లబ్ధమూ అంతే. ఆరు కారణాంకాల్లోంచి 1 తీసేస్తే వచ్చే 6, 12, 18, 36, 72, 108 అన్నీ 216ని భాగిస్తాయి. దాని వ్యుత్క్రమం అవధిలో 135 ఒక్కటే మిగులుతుంది, 000000000207.

బోర్డు మీద 294409ని నడిపించాలంటే పన్నెండు దీపాలు చాలవు. శేషానికి ఏడు ఆక్టల్ అంకెలు కావాలి, అంటే 21 దీపాలు, భాగఫలం అంకెకి ఇంకో మూడు. నానోకి అన్ని పిన్నులు లేవు కాబట్టి కొద్ది పిన్నులతోనే ఎక్కువ దీపాల్ని నడిపే 74హెచ్‌సీ595 షిఫ్ట్ రిజిస్టర్లు వాడుతున్నాను. ఒక్కోదానికి ఎనిమిది అవుట్‌పుట్లు, మూడు చిప్పులకు 24, లెక్క సరిపోయింది. మూడు చిప్పుల్నీ గొలుసుగా కలిపే వైరింగ్ అయింది, శేషానికి 32 బిట్ల వేరియబుల్ పెట్టి ప్రోగ్రాం మార్చాను. దీపాలు ఇంకా సోల్డర్ చేయాలి.